చీటీ అందరికీ ఒకే రాత్రి కావలసొస్తే

మొన్న మా పిన్ని కూతురి ఇంటికి వెళ్ళాను. విజయవాడ సింగ్‌నగర్. హాల్లో కుర్చీలో కూర్చుంటే సరిగ్గా నా తల వెనకాల, గోడ పొడుగునా అటునుంచి ఇటు ఒక గీత. రంగు వేయించారు, అయినా లేత గోధుమరంగులో పైకి కనబడుతూనే ఉంది. "రెండు కోటింగులు వేయించానక్కా, వానాకాలం వచ్చేసరికి మళ్ళీ తేలుతోంది" అంది కాఫీ గ్లాసు చేతికిస్తూ. 2024 సెప్టెంబరు ఒకటో తారీకున బుడమేరు గీసి వెళ్ళిన గీత అది.

బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిగతా చెల్లెళ్ళ కోసం రెండు ముక్కలు. బుడమేరంటే ఏడాదిలో ఎక్కువ రోజులు మురుక్కాలవలా పడి ఉండే వాగు. మైలవరం వైపు నుంచి నీళ్ళు తెచ్చి కొల్లేట్లో పోస్తుంది. ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదని మళ్ళింపు కాలవలో కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. ఆసారి ఆ కాలవ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి. పోనీ కృష్ణ అయినా దారిచ్చే స్థితిలో ఉందా అంటే, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతున్నారు. బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎప్పుడూ చూళ్ళేదు. నది నిండుకుండలా ఉంటే వాగు ఎక్కడికి పోతుంది? ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సొచ్చింది.

మా చెల్లి పిల్లల్ని తీసుకుని పైవాటా వాళ్ళింట్లోకి వెళ్ళింది. మెట్ల మీద నుంచి చూస్తుంటే ఫ్రిజ్జు లేచి పడవలా తేలుతూ వచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం పడిందట. "ఫ్రిజ్జు తేలుతుందని నాకు అప్పటిదాకా తెలీదక్కా" అని ఇప్పటికీ ఆశ్చర్యంగానే చెబుతుంది. వాసెన కట్టిన ఆవకాయ జాడీ మాత్రం కదలకుండా ఎక్కడిదక్కడే ఉందట. నీళ్ళు తీశాక మూత తీసి చూస్తే లోపలంతా బురద.

నీళ్ళు పోవడానికి వారం పట్టింది. మనిషికేం కాలేదు కదా, అదే పదివేలు అన్నాం అందరం. అది నిజమే. మా అమ్మ 1977 నవంబరు 19 గురించి చెప్పేటప్పుడు వస్తువుల ఊసే ఎత్తదు. దివిసీమలో ఆ ఉప్పెనకి పదివేలమందికి పైగా పోయారు, ఇంక సామాను మాటెవరెత్తుతారు? ఇప్పుడు ముందే ఫోన్లు మోగుతాయి, మైకులు తిరుగుతాయి, బస్సులొచ్చి పునరావాస కేంద్రాలకి తీసుకెళతాయి. మొన్న 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ అలాగే వేలమందిని ముందే తరలించారు. ప్రాణం దక్కించుకోవడం నేర్చుకున్నాం. బయటపడ్డాక ఎలా బతకాలన్నది ఇంకా నేర్చుకోలేదు. ఇవాళ నేను మీతో మాట్లాడదామనుకున్నది దాని గురించే.

చెల్లి ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. పోయినవన్నీ రాసుకుంది. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, నీళ్ళ మోటారు, రెండు బూరుగుదూది పరుపులు, రెండు బస్తాల బియ్యం, కుట్టుమెషీను, ఓవర్‌లాక్ మెషీను, పిల్లాడి పుస్తకాలు... చివర్న కూడిన మొత్తం 3,70,000. ప్రభుత్వం కింది వాటా మునిగిన ఇంటికి 25,000 ఇచ్చింది, పైవాటాల వాళ్ళకి 10,000, స్కూటరుకి 3,000. నిజం చెప్పాలంటే చప్పున ఇచ్చారు, ఆ డబ్బుతోనే మళ్ళీ పొయ్యి వెలిగింది. కానీ ఆ ఇరవై అయిదువేలు ఫ్రిజ్జుకీ పరుపులకీ సరిపోయాయి. మిగిలిన మూడున్నర లక్షల మాటేమిటి? గాజులు బ్యాంకుకెళ్ళాయి. ఇంకా రాలేదు.

"మరి ఇన్సూరెన్సు లేదుటే?" అన్నాను.

ఉంది, లేదు! ఇల్లు కట్టుకున్నప్పుడు లోనిచ్చినవాళ్ళు ఒక పాలసీ కట్టించుకున్నారట, అయిదేళ్ళకి. ఆ అయిదేళ్ళు వరదకి ముందు సంవత్సరమే అయిపోయాయి. రెన్యువల్ చేసుకోమని వచ్చిన మెసేజీ మా మరిది ఫోన్లో, చీరల ఆఫర్లకీ లోన్ల ఆఫర్లకీ మధ్య నిద్రపోతోంది. అసలు అలాంటి పాలసీ ఒకటుందని మా చెల్లికి తెలిసింది, తడిసిన బీరువాలో కాయితాలు ఆరబెడుతున్నప్పుడు.

ఇంకో కథ విను. వాళ్ళకో సెకండ్‌హ్యాండ్ కారుంది. నీళ్ళు తీసీ తియ్యగానే మా మరిది ఆత్రంగా తాళం పెట్టి ఒక్కసారి సెల్ఫ్ కొట్టాడు. అంతే. ఇంజన్లో ఉన్న నీళ్ళకి లోపలి కడ్డీలు వంగిపోయాయి. సర్వేయరు వచ్చి చూసి, "మునిగినందుకు ఇస్తాం సార్, మునిగాక స్టార్ట్ చేసినందుకు ఇవ్వం" అన్నాడట. సీట్లకీ వైరింగుకీ డబ్బులొచ్చాయి, ఇంజనుకి రాలేదు. ఇంజను కోసం విడిగా ఒక చిన్న రక్షణ జోడించుకోవాలి పాలసీలో, అది వీళ్ళు తీసుకోలేదు. కాబట్టి బండి నీళ్ళలో మునిగితే దాన్ని ముట్టుకోకండి తల్లీ. ఫోటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, తోసుకుంటూ తీసుకెళ్ళండి. స్కూటరు సంగతి మరీ ఘోరం. మనలో చాలామంది బండికి ఉండేది థర్డ్ పార్టీ. అంటే మన బండి వల్ల ఎదుటివాడికేమైనా అయితే ఇచ్చేది. మన బండి నీళ్ళలో కొట్టుకుపోతే దానికేం సంబంధం లేదు. పోలీసులు ఆపినప్పుడు చూపించే కాయితం అది, అంతే.

ఇంతకీ ఇన్సూరెన్సంటే ఏమిటంటావా? మనం వేసే చీటీయే అనుకో. ఇరవైమంది నెలనెలా కడతారు, ఎవరికి అవసరమొస్తే వాళ్ళు ఎత్తుకుంటారు. ఒకరికి పెళ్ళి, ఒకరికి కాన్పు, ఇంకొకరికి కాలేజీ ఫీజు. అవసరాలు వేరువేరు నెలల్లో వస్తాయి కాబట్టే చీటీ నడుస్తుంది. ఇరవైమందికీ ఒకే రాత్రి డబ్బు కావలసొస్తే? చీటీ నడిపే ఆవిడ తలుపేసుకుంటుంది, లేదా తెల్లారేసరికి ఊళ్ళో ఉండదు. ఒకరి ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే పక్కింటికి అవదు, అందుకే అలాంటి విడివిడి అగ్నిప్రమాదాలకి బీమా ఇవ్వడం అంత కష్టం కాదు. వరద అలా కాదు. సింగ్‌నగర్, ప్రకాశ్‌నగర్, పాయకాపురం అన్నీ ఒకే తెల్లవారుజామున మునిగాయి. సరిగ్గా ఆరోజే అటు ఖమ్మంలో మున్నేరు కూడా ఇళ్ళ మీద పడింది. క్లెయిముల కోసం విజయవాడ సబ్‌కలెక్టరు ఆఫీసులోనే కంపెనీలన్నిటినీ కూర్చోబెట్టాల్సొచ్చిందంటే చూడు.

మరి చీటీ నడిపేవాళ్ళు ఏం చేస్తారు? వాళ్ళూ ఇంకో పెద్ద చీటీలో చేరతారు. దాన్ని రీఇన్సూరెన్సంటారు. మన దేశంలో జీఐసీ రీ ఉంది, జర్మనీలో మ్యూనిక్ రీ, స్విట్జర్లాండులో స్విస్ రీ. ఈ పెద్ద చీటీల వాళ్ళకి లోకంలో ఎక్కడ గాలివాన వచ్చినా లెక్క తెలుస్తుంది. మ్యూనిక్ రీ వాళ్ళు వాతావరణం వేడెక్కడం గురించి 1973లోనే రాశారు! అప్పటికి ఏటేటా జరిగే ఈ వాతావరణ సదస్సులూ లేవు, ఈ నినాదాలూ లేవు. డబ్బు పోయేవాడికి ముందు తెలుస్తుంది మరి. వాళ్ళ లెక్కలోనే 2024లో ప్రపంచం మొత్తం మీద ప్రకృతి వైపరీత్యాల నష్టం 320 బిలియన్ డాలర్లు. బీమా ఉన్నది అందులో 140 బిలియన్లకి. అది కూడా ఎక్కువ అమెరికా లాంటి చోట్లే. మన వైపు ఆ వాటా చాలా తక్కువ. మన నష్టం మన గాజుల్లోంచే పోతుంది.

ఆకాశం మారిందన్నది నిజం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. మందపాటి తువ్వాలు ఎక్కువ నీళ్ళు పీలుస్తుంది కదా, పిండినప్పుడు బకెట్టు నిండుతుంది. నెలంతా కురవాల్సింది రెండు రోజుల్లో కురవడం అందుకే ఎక్కువవుతోంది. అలాగని అన్నీ ఆకాశం మీదికి తోసెయ్యడం కూడా నాకు నచ్చదు. బుడమేరు దారిలో ఇళ్ళు కట్టింది ఆకాశం కాదు. ఆక్రమణలకి పట్టాలిచ్చిందీ, కాలవ గట్లు ఏళ్ళ తరబడి పట్టించుకోనిదీ మేఘాలు కాదు. వాన పెరిగింది, వాన దారిలో మనమూ పెరిగాం, మన ఇళ్ళలో ఫ్రిజ్జులూ ఏసీలూ పెరిగాయి. మూడూ కలిస్తేనే 3,70,000 అయింది. 1977లో మా అమ్మమ్మ ఇంట్లో నీళ్ళు దూరినా పాడవడానికి రెండు మంచాలూ ఒక పెట్టే ఉండేవి.

డబ్బున్న దేశంలో ఈ చీటీ ఎలా నడుస్తోందో చూద్దామని మా అన్నయ్య కూతురికి ఫోన్ చేశాను. అది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటుంది. అక్కడ వీధికి నాలుగు తెలుగు కొంపలు, గుడులూ, దోసెల హోటళ్ళూ. అన్నీ బాగానే ఉన్నాయి కానీ వడగళ్ళు, అత్తా, నిమ్మకాయలంత అంటుంది. ఇంటి కప్పులు అక్కడ మనలా స్లాబు కాదు, అట్టల్లాంటి పెంకులు. వడగళ్ళవాన పడ్డ మర్నాడు పొద్దున్నే కప్పులు మార్చేవాళ్ళు విజిటింగ్ కార్డులతో గుమ్మంలో ఉంటారట. "ఇదివరకు నష్టంలో ఒక శాతం మా చేతిలోంచి పెట్టుకోవాలనేవాళ్ళు. ఇప్పుడు రెండు శాతం అన్నారు" అంది. రెండు శాతమే కదా అన్నాను. నవ్వింది. "నష్టంలో రెండు శాతం కాదత్తా, నేనే తప్పు చెప్పాను, ఇంటి బీమా మొత్తంలో రెండు శాతం. అయిదు లక్షల డాలర్లకి ఇన్సూర్ చేస్తే, మొదటి పదివేల డాలర్లు మావి." పైగా కప్పు పాతదైతే కొత్తదాని ఖరీదు ఇవ్వరు, పాతదానికి ఎంతొస్తుందో అంతే ఇస్తామంటున్నారట కొన్ని కంపెనీలు. ప్రీమియం మాత్రం ఏటా పైకే. చీటీ ఉంది, పాట పాడనివ్వట్లేదు.

కాలిఫోర్నియాలో ఇంకో అడుగు ముందుకెళ్ళింది వ్యవహారం. అక్కడి పెద్ద కంపెనీ స్టేట్ ఫార్మ్ 2023 మేలో ఇళ్ళకి కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేసింది. మరుసటేడు 72,000 పాలసీలు, అందులో 30,000 దాకా ఇళ్ళవి, ఇక రెన్యూ చెయ్యబోనని చెప్పింది. పసిఫిక్ పాలిసేడ్స్ అనే ఖరీదైన పేటలో చాలామంది పాలసీలు అలా పోయాయి. 2025 జనవరిలో ఆ పాలిసేడ్సే తగలబడింది. అటు ఈటన్ కార్చిచ్చు కూడా కలుపుకుంటే పదహారువేలకి పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఎవరూ ఇవ్వనివాళ్ళకి చివరి దిక్కుగా ఫెయిర్ ప్లాన్ అని ఒకటుంటుంది అక్కడ, ఖరీదెక్కువ, రక్షణ తక్కువ. చాలామంది దాని గుమ్మంలోకే చేరారు. కంపెనీలని తిట్టడం సులువే, నేనూ తిట్టాను. కానీ వాళ్ళ చూపు కూడా ఒకందుకు పనికొస్తుంది. ఫలానా పేటలో ఇంటికి బీమా ఇవ్వనన్నారంటే, అక్కడ ఇల్లు కొనొద్దని ఎవరూ చెప్పని మాట చెప్పినట్టే. మన దగ్గర స్థలం అమ్మేవాడు తూర్పు ముఖమని చెబుతాడు, వాగు ముఖం ఎటుందో చెప్పడు.

ఇదంతా విని గుండె జారిపోనక్కర్లేదు. నా మనసుకి పట్టిన విషయం ఒకటి చెబుతాను. గుజరాత్‌లో ఇలా భట్ గారు 1972లో పెట్టిన 'సేవా' సంఘం తెలుసు కదా. కూరలమ్మేవాళ్ళు, ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళు, చెత్త ఏరేవాళ్ళు, అందరూ రోజుకూలి ఆడవాళ్ళే అందులో. వాళ్ళకి వరదకంటే ఎండ పెద్ద శత్రువు. ఎండకి కూరలు వాడతాయి, మనిషి వాడుతుంది, ఆ రోజు కూలి పోతుంది. దానికి ఎవరొచ్చి సర్వే చేస్తారు? అందుకని సర్వేయరే లేని బీమా పెట్టారు. మీ జిల్లాలో ఎండ ముందే అనుకున్న గీత దాటిందా, డబ్బు నేరుగా ఆవిడ ఖాతాలో పడుతుంది. అర్జీ లేదు, ఫోటో లేదు, ఆఫీసు చుట్టూ తిరగడం లేదు. 2024 వేసవిలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో యాభైవేలమంది దాకా చేరితే, 46,000 మందికి పైగా డబ్బులందాయి. మొదట నాలుగొందలు, ఆ పైన జిల్లా ఎండని బట్టి ఇంకొంత. చాలా చిన్న మొత్తమే. కానీ మిట్టమధ్యాహ్నం బండి పక్కన పెట్టి నీడలో కూర్చోడానికి నాలుగొందలు చాలు. నాగాలాండ్ ప్రభుత్వం కూడా ఇదే పద్ధతిలో వానల మీద రాష్ట్రం మొత్తానికి బీమా తీసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో ఎండలకి పడిపోయే ఉపాధి కూలీలనీ మిరపకోతల వాళ్ళనీ చూసినప్పుడల్లా, మనవాళ్ళకి ఇది ఎందుకు రాలేదా అనిపిస్తుంది నాకు.

పొలం ఉన్న చెల్లెళ్ళకి ఒక్క మాట. పంటల బీమాలో వరి చేను మునిగితే ఆ రైతు నష్టాన్ని విడిగా లెక్కగట్టే వీలు 2018లో తీసేశారు. మళ్ళీ 2026 ఖరీఫ్ నుంచి తెస్తామని కేంద్రం చెప్పింది. మీ రాష్ట్రంలో, మీ పంటకి వర్తిస్తుందో లేదో రైతుసేవా కేంద్రంలో అడగండి. మునిగాక 72 గంటల్లోపు చెప్పాలన్న నిబంధన గుర్తుంచుకోండి. ఆ మూడురోజులూ మోకాలిలోతు నీళ్ళలో సిగ్నల్ కోసం చెయ్యెత్తి తిరిగేది ఎవరో నాకూ తెలుసు.

ఇంటి విషయానికొద్దాం. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ 'భారత్ గృహ రక్ష' అని ఒకే తీరు పాలసీ అమ్మాలి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన అది. వరద, తుపాను, నిప్పు, భూకంపం అన్నీ అందులోనే. స్థలం ఖరీదు లెక్కలోకి రాదు, మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అదే లెక్క. అందుకే ప్రీమియం మనం భయపడేంత ఉండదు, ఓ మోస్తరు ఇంటికి ఏడాదికి ఓ మంచి నూలు చీర ఖరీదు అనుకో, ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ. కట్టడానికి తీసుకుంటే లోపలి సామానుకి అందులో ఇరవై శాతం, పది లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. అద్దెకున్నవాళ్ళు ఒక్క సామానుకే తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెలీదు, ఇల్లుగలవాళ్ళ వ్యవహారం అనుకుని వదిలేస్తారు. నగలకి మాత్రం విడిగా అడగాలి.

ఇంకా ఒక సంగతి, ఇది కంపెనీలు చెప్పవు, నేను చెబుతున్నా. దసరాకి ఇల్లు దులిపేటప్పుడు ఫోన్ పట్టుకుని గదిగదీ తిరుగుతూ ఒక వీడియో తియ్యండి. బీరువా తలుపు తెరిచి, ఫ్రిజ్జు వెనక నంబరు చూపించి, మిక్సీ కూడా వదలకుండా. తీసి ఊళ్ళో లేని అక్కకో చెల్లికో పంపించండి. తడిసినా పోని బిల్లు అదొక్కటే. పాలసీ కాయితం ఎక్కడుందో మగవాళ్ళ జ్ఞాపకశక్తికి వదిలెయ్యకండి. మా మరిది పాపం మంచివాడే, కానీ ఆయన ఫోన్లో ఇప్పటికీ చదవని మెసేజీలు నాలుగువేల పైచిలుకు.

నేను లేవబోతుంటే మా చెల్లి లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది, జిప్పున్నది. కొత్త పాలసీ. పేరు తనదే. "అక్కా, ఇందులో సామాను అన్నాడు కదా, కుట్టడానికి ఇచ్చినవి వస్తాయా? ఆ రోజు ఇరవైరెండు జాకెట్టు ముక్కలు పోయాయి, అందులో రెండు పట్టువి. ఒక్కొక్కళ్ళకీ డబ్బు ఇచ్చుకునేసరికి నాకు ఆర్నెల్లు పట్టింది." ఆ ఇరవైరెండూ ఆ నోటుబుక్కులో లేవు. తనవి కావు కాబట్టి నష్టంలో రాసుకోలేదట!

అక్కణ్ణించే ఏజెంటుకి ఫోన్ చేశాం. ఇంటి పాలసీలో వ్యాపారం సరుకు రాదు, కుట్టుపనికి విడిగా చిన్న వ్యాపారాల పాలసీ 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' తీసుకోవాలి, అందులో కూడా మీ దగ్గరున్న ఇతరుల వస్తువులని ప్రత్యేకంగా రాయించాలి అన్నాడు. ఎంతవుతుందో కనుక్కుని చెబుతానని పెట్టేశాడు. వారం దాటింది, ఇంకా చెప్పలేదు.

ఈలోగా మా చెల్లి జాకెట్టు ముక్కలన్నీ మూటగట్టి అటకెక్కించింది. గీతకి ఎంత పైనుందో టేపు పెట్టి కొలిచింది కూడా. నాలుగడుగుల రెండంగుళాలు.